మృతదేహంపై కీటకాలు: మరణకాల అంచనాలో ఉష్ణోగ్రత పాత్ర

1935 సెప్టెంబరు 29న స్కాట్లాండ్‌లోని మోఫట్ పట్టణ సమీపాన ఒక వాగులో ఇద్దరు స్త్రీల శరీర భాగాలు మూటలుగా లభించాయి. వాటిపైనున్న ఈగ పిల్లపురుగులను గ్లాస్గో విశ్వవిద్యాలయానికి చెందిన అలెగ్జాండర్ మియర్న్స్ పరీక్షించి, అవి కాలిఫోరా ప్రజాతికి చెందినవనీ, వాటి వయస్సు 12 నుండి 14 రోజులనీ అంచనా వేశారు. బొంబాయిలో జన్మించి, ఇంగ్లండులోని లాంకాస్టర్‌లో వైద్యవృత్తి నిర్వహిస్తున్న బక్ రక్స్‌టన్ భార్య, ఆ ఇంటి ఆయా సెప్టెంబరు నడిమి రోజుల నుండి కనిపించడం లేదు. ఈ అంచనా ఆ కాలంతో సరిపోయింది. అనేక ఇతర ఆధారాలు కూడా తోడై నేరం రుజువు కాగా, 1936లో రక్స్‌టన్‌కు మరణశిక్ష అమలయింది.

ఈ పద్ధతికి మూలం వ్యవసాయ శాస్త్రవేత్తలకు సుపరిచితమైనదే. కీటకాలు శీతరక్త జీవులు. వాటి ఎదుగుదల గడచిన రోజులపై కాక, అందిన ఉష్ణంపై ఆధారపడుతుంది. పైరు పూతకు వచ్చే సమయాన్నీ, పురుగు ఉధృతినీ ముందుగా తెలుసుకొనేందుకు వాడే డిగ్రీ-రోజుల లెక్కే ఇక్కడా వర్తిస్తుంది. ఉదాహరణకు, ఒక ఈగ జాతికి కనిష్ఠ ఉష్ణోగ్రతా పరిమితి 10 డిగ్రీల సెల్సియస్ అనీ, ఒక దశకు చేరడానికి 200 డిగ్రీ-రోజులు అవసరమనీ అనుకొందాం. సగటు ఉష్ణోగ్రత 30 డిగ్రీలైతే ఆ దశకు 10 రోజులు, 25 డిగ్రీలైతే 13 రోజులకు పైగా పడుతుంది. అంటే ఉష్ణోగ్రతను 5 డిగ్రీలు తప్పుగా తీసుకొంటే, నేరం జరిగిన తేదీ మూడు రోజులు మారిపోతుంది. ఆ తేదీన మరో ఊరిలో ఉన్న నిరపరాధి కూడా నిందితుడు కావచ్చు.

ఈ లెక్క వల్ల తెలిసేది మరణించి కనీసం ఎంత కాలమైందన్నది మాత్రమే. దేహాన్ని గుడ్డలో చుట్టినా, పూడ్చినా, రాత్రివేళ మరణం సంభవించినా ఈగలు గుడ్లు పెట్టడం ఆలస్యమవుతుంది. పిల్లపురుగులు గుంపుగా చేరినప్పుడు వాటి మధ్య వేడి బయటి గాలి కంటే ఎక్కువగా ఉంటుంది. దేహంలోని కొన్ని మందులు, విషపదార్థాలు సైతం ఎదుగుదల వేగాన్ని మారుస్తాయి.

కాబట్టి నమూనాల సేకరణలో శ్రద్ధ అవసరం. అన్నిటికంటే పెద్ద పిల్లపురుగులను తప్పక సేకరించాలి. కొన్నింటిని వేడినీటిలో ముంచి చంపి ఆల్కహాలులో భద్రపరచాలి. మరికొన్నింటిని సజీవంగా పెంచి, వెలువడిన ఈగల ద్వారా జాతిని నిర్ధారించాలి. ఎదిగిన పురుగులు దేహాన్ని వదలి మట్టిలో కోశస్థ దశకు చేరుతాయి గనుక చుట్టుపక్కల నేలనూ వెదకాలి. ఘటనాస్థలంలో కొన్ని రోజులు ఉష్ణోగ్రత నమోదు చేసి, సమీప వాతావరణ కేంద్రం అంకెలతో సరిచూడాలి.

ఒక ప్రాంతపు ఈగ జాతులకు లభించిన ఎదుగుదల విలువలు మరొక ప్రాంతానికి యథాతథంగా వర్తించవు. మన ప్రాంతంలో సాధారణమైన క్రైసోమియా ఈగలకు స్థానిక విలువలే ఆధారం కావాలి. స్థిర ఉష్ణోగ్రతల వద్ద కీటకాలను పెంచి దశలను నమోదు చేసే నైపుణ్యం వ్యవసాయ కీటకశాస్త్ర విద్యార్థులకు ఉన్నదే. పిచికారీ తేదీ తప్పితే మరుసటి పంటలో సరిదిద్దుకోవచ్చు. న్యాయస్థానంలో అటువంటి అవకాశం అన్నివేళలా ఉండదు.