ఏడున్నర రెండున్నర ఎలా అయింది?

విజయనగరం నుంచి శ్రీకాకుళం వెళ్తుంటే బస్సులో పక్క సీటాయన తన ఫోను నా చేతిలో పెట్టాడు. "ఏటి బాబూ ఇది? మా గుంటడికి ఇంజినీరింగులో ఏడున్నర ఒచ్చింది. జర్మనీ వోళ్లకి అది రెండున్నరంట. ఐదు పాయింట్లు ఎక్కడికి పోయినాయి?"

"ఎంసెట్లో పదివేల ర్యాంకు మంచిదా, లక్ష ర్యాంకు మంచిదా?" అని అడిగాను.

"పదివేలే."

జర్మనీ గ్రేడు కూడా అంతే, అంకె తగ్గేకొద్దీ విలువ పెరుగుతుంది. 1 అన్నిటికన్నా మేలు. 4 దాకా పాసు. 5 అంటే తప్పినట్టు. ఆయన ముఖం కాస్త తేటపడింది. "అయితే రెండున్నరే ఎలా ఒచ్చింది?" అని అడిగేసరికి చిలకపాలెం వచ్చేసింది, దిగిపోయాడు. ఆయనకు బాకీ పడ్డ జవాబు ఇది.

లెక్క ఎలా కడతారు?

జర్మనీలో ఎక్కువగా వాడేది సవరించిన బవేరియా సూత్రం. మన పద్ధతిలో రాగల గరిష్ఠంలోంచి మనకు వచ్చినది తీసేయాలి. అదే గరిష్ఠంలోంచి పాసుకు కావలసినది తీసేయాలి. మొదటి శేషాన్ని రెండోదానితో భాగించి, మూడుతో హెచ్చవేసి, ఒకటి కలపాలి. ఈ కుర్రాడి విషయంలో పదిలోంచి ఏడున్నర పోతే రెండున్నర. పదిలోంచి ఐదు పోతే ఐదు. భాగిస్తే సగం, మూడుతో హెచ్చవేస్తే ఒకటిన్నర, ఒకటి కలిపితే రెండున్నర.

అసలు చిక్కు ఆ పాసు అంకె దగ్గరుంది. 40 నుంచి 49 మార్కులకు 5 పాయింట్లిచ్చే స్కేలులో పాసు అంకె 5. ఎవరైనా 40 మార్కుల్ని చూసి అక్కడ 4 వేశారనుకోండి, ఫలితం 2.25కి దిగుతుంది. ఇంకొకరు ఆ ఏడున్నర సీజీపీఏలోంచి ముందు 0.75 తీసేసి, పదితో హెచ్చవేసి, శాతం 67.5 అని, పాసు 40 అని వేస్తే 2.6 వస్తుంది. కుర్రాడొకడే, మెమో ఒకటే, అంకెలు మూడు. 2.5 దాటితే దరఖాస్తే చూడమనే ఎంఎస్ కోర్సులు అక్కడ ఉన్నాయి కాబట్టి ఈ తేడాను చిన్నదని కొట్టిపారేయలేం.

శాతంలోకి మార్చేటప్పుడు 0.75 ఎందుకు తీసేస్తారు?

నన్నడిగితే మొత్తం వ్యవహారంలో తెలుసుకోదగ్గ ముక్క ఇదే. ఒక సబ్జెక్టులో ఒక అమ్మాయికి 60, ఆమె స్నేహితురాలికి 69 వచ్చాయనుకుందాం. గ్రేడు మెమోలో ఇద్దరికీ 7 పాయింట్లే. ఆ తొమ్మిది మార్కుల తేడా మెమో అచ్చయిన రోజే చెరిగిపోయింది. ఇప్పుడు ఆ ఏడును తిరిగి శాతం చెయ్యమంటే ఏం చెయ్యాలి? నేరుగా 70 అంటే ఇద్దరికీ రానిదాన్ని ఇచ్చినట్టు. అందుకని నడిమధ్య 65 అనుకుందామన్నారు కొందరు. అంటే సీజీపీఏలోంచి 0.5 తీసేసి పదితో హెచ్చవేయడం. హైదరాబాద్ జేఎన్‌టీయూ దారి అది. చాలామంది ఆ నడిమధ్యకు కాస్త కిందే ఉంటారని లెక్కేస్తే 62.5, అంటే 0.75 తీసేయడం. ఏఐసీటీఈ పట్టికలో 6.75 పాయింట్లు 60 శాతానికి, 7.75 పాయింట్లు 70కి సమానమన్నది ఈ లెక్కే. కాకినాడ జేఎన్‌టీయూ ఆర్16 రెగ్యులేషన్ కూడా 0.75నే పట్టుకుంది. రెండూ 2008 దాకా ఒకే జేఎన్‌టీయూ. సీబీఎస్ఈ వాళ్లు ఒకప్పుడు పదో తరగతికి 9.5తో హెచ్చవేయమన్నారు కదా, దాని వెనక కూడా ఇలాంటి సగటే ఉంది. 91 నుంచి 100 దాకా తెచ్చుకున్న పిల్లల సగటు 95 దగ్గర తేలింది.

కాబట్టి శాతం అనేది ఇక్కడ మళ్లీ దొరికిన మార్కు కాదు, అందరూ ఒప్పుకున్న ఒక అంచనా. ఆ అంచనా మీద బవేరియా సూత్రాన్ని కూడా ఎక్కిస్తే అంచనా మీద అంచనా అవుతుంది. పైన చూసిన 2.6 అలా పుట్టిందే.

అమెరికాకైతే నాలుగుతో హెచ్చవేసి పదితో భాగిస్తే చాలదా?

చాలామంది చేసేది అదే. ఏడున్నరకు 3.0 వస్తుంది, ఉసూరుమంటారు. అమెరికా స్కేలు గరిష్ఠం నాలుగే గానీ, అది మన పదిని కుదించిన స్కేలు కాదు. అక్కడి మదింపు సంస్థలు సబ్జెక్టు సబ్జెక్టుకూ ఇక్కడ ఏ క్లాసు వచ్చిందో చూసి అక్షరం వేస్తాయి. శాతాలిచ్చే మన డిగ్రీల్లో 60 దాటినదాన్ని ‘ఏ’ గ్రేడు కింద కట్టడం చాలాకాలంగా ఉన్న అలవాటు. కారణం సులువే. మన పేపర్లలో 90 అరుదు, అమెరికా క్లాసులో 90 మామూలు.

మన క్లాసుల పద్ధతి మనం కనిపెట్టుకున్నది కాదు. విజయనగరం మహారాజా కళాశాల 1879లో డిగ్రీ స్థాయికి ఎదిగిన నాటికి అది మద్రాసు యూనివర్సిటీ కింద ఉండేది. మద్రాసుకు నమూనా లండన్. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో గానీ రాలేదు. ఫస్ట్ క్లాసు, సెకండ్ క్లాసు అనే పేర్లు ఆ తోవనే దిగాయి. ఇప్పుడేమో ఇంగ్లండులో ఫస్ట్ క్లాసు 70 దగ్గర మొదలవుతుంది, మన దగ్గర 60కే. వెనకటికి వడ్లు కొలిచే రోజుల్లో ఒక ఊరి కుంచం ఇంకో ఊరి కుంచంతో సరిపోయేది కాదు. పేరు ఒకటే కదా అని బేరమాడినవాడు మునిగేవాడు.

యూరప్ వాళ్లకీ ఈ తలనొప్పి తప్పలేదు. పాసైనవాళ్లలో పై పది శాతానికి ‘ఏ’, తరవాతి పాతిక శాతానికి ‘బీ’, ముప్ఫైకి ‘సీ’, పాతికకు ‘డీ’, చివరి పదికి ‘ఈ’ అని ఒక ఉమ్మడి స్కేలు పెట్టుకున్నారు. మార్కు ఎంతన్నది కాదు, తోటివాళ్లలో ఎక్కడున్నావన్నది చూడాలన్నమాట. ఊహ బాగుంది, ఆచరణ కుదరలేదు. 2009లో దాన్ని వదిలి, ఏ గ్రేడు ఎంతమందికిచ్చారో ప్రతి యూనివర్సిటీ పట్టిక ఇస్తే చాలన్నారు. మన మెమోల్లో కూడా అలాంటి పట్టిక ఒకటి ఉంటే సగం పేచీ తీరేది.

క్రెడిట్లూ మార్చాలా?

మన నాలుగేళ్ల బీటెక్‌కు 160 క్రెడిట్లు, అంటే ఏడాదికి 40. యూరప్‌లో ఏడాదికి 60. మన మూడు క్రెడిట్ల సబ్జెక్టు అక్కడ నాలుగున్నరగా కనిపిస్తే కంగారు పడక్కర్లేదు.

మరి దరఖాస్తులో ఏం రాయాలి?

మెమోలో ఏముందో అదే. 7.5 అని రాసి, పక్కన పదికి అని చేర్చండి. మార్చుకోవడం వాళ్ల పని. ఫారంలో జర్మనీ గ్రేడు గడి తప్పనిసరైతే సీజీపీఏతోనే కట్టి, గరిష్ఠం 10, పాసు 5 అని అక్కడే రాయండి. గ్రేడు పట్టిక ఉన్న రెగ్యులేషన్ పేజీని ట్రాన్స్‌క్రిప్టుతో పాటు జతచేయండి. కన్సల్టెన్సీ వాళ్లు వేసిచ్చిన అంకెకు ఆ పేజీకున్న బరువుండదు.

ఆ పేజీ కోసం ఎవర్నడగాలన్నది విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఇంకో తికమక. విజయనగరంలో జేఎన్‌టీయూ గురజాడ 2022లో వచ్చింది. 2008 నుంచి అప్పటిదాకా ఇంజినీరింగు టెక్కలిలో చదివినా, రాజాంలో చదివినా పట్టా మీద కాకినాడ పేరే. డిగ్రీ చదివినవాళ్లలో కొందరిది ఎచ్చెర్ల అంబేద్కర్ యూనివర్సిటీ, ఇంకా పాతవాళ్లది వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయం. పట్టా మీద ఏ పేరుందో ఆ ఎగ్జామ్ బ్రాంచికే వెళ్లాలి. వెళ్లేముందు మీ రెగ్యులేషన్ నంబరు ఏదో మెమోలో చూసి రాసుకోండి, కౌంటరులో మొదట అడిగేది అదే.