శునక విశ్వాసము - మన ఋణము

మన భాషలో కుక్కకు లభించిన స్థానము విచిత్రమైనది. హీనమైన జీవితమును చెప్పవలసి వచ్చినపుడు 'కుక్క బ్రతుకు' అందుము. దురుసుమాటకు దురుసుగనే బదులు వచ్చినపుడు 'కుక్క కాటుకు చెప్పుదెబ్బ' అందుము. ఆ నోటితోనే, చేసిన మేలు మరచినవానిని చూచి 'కుక్కకున్న విశ్వాసమైనను వీనికి లేదు గదా' అని నిట్టూర్తుము. తిట్టుటకును కుక్కయే, మెచ్చుటకును కుక్కయే. చాణక్యుని పేర ప్రచారమందున్న నీతిశ్లోకములలో, మానవుడు శునకమునుండి నేర్వదగిన గుణములు ఆరు చెప్పబడినవి. దొరకినపుడు కడుపార తినుట, కొంచెమే దొరకినను తృప్తి చెందుట, హాయిగా నిద్రించుట, చిన్న అలికిడికే మేల్కొనుట, యజమానునియందు భక్తి, శౌర్యము - ఇవియే ఆ ఆరు గుణములు. వీనిలో యజమానునియందలి భక్తి యెట్లు కలిగినది? అది కుక్క వైపునుండి మాత్రమే వచ్చునదియా? ఈ రెండు ప్రశ్నలను ఇచట కొంచెము విచారింతము.

ఈ భక్తికి లోకమంతయు చెప్పుకొను ఉదాహరణము జపాను దేశమునకు చెందినది. టోక్యో విశ్వవిద్యాలయమున వ్యవసాయశాస్త్రాచార్యులైన హిదెసబురో ఉయెనోగారు 1924లో అకితా జాతి కుక్కపిల్ల నొకదానిని తెచ్చి పెంచుకొనిరి. దాని పేరు హాచి. హాచికో యను పేరున అది ప్రసిద్ధమైనది. ఆచార్యులు తిరిగివచ్చు వేళకు షిబుయా రైలు స్టేషనుకు పోయి ఎదురుచూచుట దాని అలవాటు. 1925 మే 21న ఆయన ఇంటికి రాకుండగనే ఆకస్మికముగా మరణించిరి. ఆ ఇరువురి సహవాసము ఏడాదిన్నరకు మించలేదు. అయినను, 1935 మార్చి 8న తాను చనిపోవువరకు, దాదాపు పదియేండ్లు హాచికో ఆ స్టేషనుకు వచ్చుచునే యుండెను.

తొలి యేండ్లలో దానిని అక్కడివారు ఆదరింపలేదు. అదలించినవారు, కొట్టినవారు సైతము కలరు. 1932లో అసాహి పత్రిక దాని కథను ప్రకటించిన పిమ్మటనే జనుల చూపు మారినది. 1934లో స్టేషను ముందర దాని కంచువిగ్రహము నెలకొల్పినపుడు హాచికో కూడ అచట నుండెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున లోహము కొరకు ఆ విగ్రహమును కరగించిరి. మొదటి శిల్పి కుమారుడు 1948లో తిరిగి చేసిన విగ్రహమే నేడు అచట కలదు. హాచికో అచటివారు పెట్టు తిండికొరకే వచ్చుచుండెనని వాదించినవారును లేకపోలేదు. కాని అదలింపులే ఎక్కువగా లభించిన రోజులలో కూడ అది రాక మానలేదను సంగతిని మరువరాదు.

అయితే ఒక్క కుక్క చరిత్రనుబట్టి జాతి స్వభావమును నిర్ణయింపలేము. కూటికొరకే కుక్క మనిషిని ఆశ్రయించునా, లేక మనిషినే కోరునా యను విషయమును శాస్త్రజ్ఞులు పరీక్షించి చూచిరి. పసిబిడ్డకు తల్లిపై గల మమకారమును కొలుచుటకు మనస్తత్త్వవేత్తలు ఏర్పరచిన పరీక్ష యొకటి కలదు. బిడ్డను కొత్త గదిలో ఉంచి, తల్లి బయటకు పోయినపుడును, పరాయివారు వచ్చినపుడును, తల్లి తిరిగివచ్చినపుడును అది ఎట్లు ప్రవర్తించునో గమనింతురు. ఈ పరీక్షనే హంగరీ రాజధాని బుడాపెస్టులోని పరిశోధకులు యజమానులతో వచ్చిన కుక్కలకు పెట్టి, 1998లో ఫలితములను ప్రకటించిరి. యజమానుడు ఎదుట నున్నంతసేపు కుక్క నిర్భయముగా ఆడుకొనును. ఆయన పోగానే తలుపువద్దకు చేరి నిలుచును. తిరిగిరాగానే పరుగున ఎదురేగును. పసిబిడ్డ నడతయు ఇట్టిదే గదా!

అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయమున మరియొక పరిశోధన జరిగినది. మత్తుమందు ఈయకయే, కట్టివేయకయే, స్కానింగు యంత్రములో కదలక పరుండునట్లు కుక్కలకు శిక్షణమిచ్చిరి. పరిచితులైన మనుష్యుల వాసనను, అపరిచితుల వాసనను, ఇతర కుక్కల వాసనను వరుసగా వానిచే చూపించిరి. ఇష్టమైనది రానున్నదని మెదడులో తెలుపు భాగమొకటి కలదు. పరిచితుడైన మనుష్యుని వాసన సోకినపుడే ఆ భాగము అన్నిటికంటె ఎక్కువగా మేల్కొనెను. ఆ మనుష్యుడు ఆ సమయమున ఆ గదిలో లేడు, తిండియు చూపలేదు. ఎదుట లేనివాని గురుతే కుక్కకు సంతోషకారణమైనది.

ఇక రెండవ ప్రశ్నకు సమాధానము జపాను శాస్త్రజ్ఞులు 2015లో ప్రకటించిన పరిశోధనలో దొరకును. తల్లి బిడ్డకు పాలిచ్చునపుడు ఆమె శరీరమున ఆక్సిటోసిన్ అను రసము పుట్టును. తల్లీబిడ్డల మమకారమున దీనికి ముఖ్యస్థానము కలదు. కుక్కయు, దాని యజమానుడును చాలసేపు ఒకరి కన్నులలోనికి ఒకరు చూచుకొనినపుడు ఈ రసము ఇరువురియందును పెరుగుచున్నదని ఆ శాస్త్రజ్ఞులు కనుగొనిరి. మనుష్యులు చిన్ననాటినుండి పెంచిన తోడేళ్లలో ఇట్టి మార్పు కనబడలేదు. తోడేళ్లవంటి మృగములనుండియే కుక్క పుట్టినది. కావున ఈ చూపు అడవినుండి వచ్చినది కాదు, మన పంచన వేలయేండ్లు బ్రతికిన పిదప అలవడినది. విశ్వాసమనునది కుక్క మనకిచ్చు కానుక మాత్రమే కాదు, ఇరువురి నడుమ సాగు ఇచ్చిపుచ్చుకోలు.

మానవుని వంతు ఎంత పాతదో జర్మనీలోని ఒక సమాధి తెలుపుచున్నది. బాన్ నగరమునకు చేరువనున్న ఓబర్‌కాసెల్‌లో 1914లో రాళ్లు తీయుచుండగా ఒక పురుషుని అస్థికలు, ఒక స్త్రీ అస్థికలు, వానితో ఒక కుక్క ఎముకలు బయటపడెను. అవి సుమారు 14,000 సంవత్సరముల నాటివి. అది దాదాపు ఏడునెలల పిల్ల. దాని పండ్లను పరీక్షించిన పండితులు, అది డిస్టెంపర్ అను ప్రాణాంతకవ్యాధితో పలువారములు బాధపడినదని 2018లో తెలిపిరి. ఆ వ్యాధిలో వాంతులు, విరేచనములు, మూర్ఛలు కలుగును. ఎవరో వెచ్చగా నుంచి, శుభ్రపరచి, నీరు పట్టి, ఆహారము పెట్టి కాపాడనిదే అది అన్నినాళ్లు బ్రతికెడిది కాదు. వేటకుగాని కావలికిగాని పనికిరాని రోగిష్ఠి పిల్లకు ఆ వేటకాండ్రు సేవచేసిరి. చనిపోయినపుడు తమవారితోబాటు పాతిపెట్టిరి.

మన భారతము చెప్పుచున్నదియు ఇదియే. ఆదిపర్వమున, సర్పయాగమునకు పూర్వము జనమేజయుడు చేయుచున్న యొక దీర్ఘసత్రమునొద్దకు సరమయను దేవశునకము బిడ్డ వచ్చెను. ఏ తప్పును చేయని దానిని రాజు తమ్ములు కొట్టిరి. 'నిరపరాధిని కొట్టితిరి గావున మీకు అనుకోని భయము కలుగును' అని సరమ శపించినది. తిక్కన తెలుగుచేసిన మహాప్రస్థానికపర్వమున ధర్మరాజు, వెంటవచ్చిన కుక్కను విడిచినగాని స్వర్గము లేదని ఇంద్రుడు చెప్పినను, ఆశ్రయించినదానిని విడువనని నిలిచెను. ఈ కథను శునకవిశ్వాసమునకు దృష్టాంతముగా చెప్పుట కలదు. కాని పరీక్షకు నిలిచినది కుక్క కాదు, మానవుడు. భారతకథ ఒక కుక్కకు జరిగిన అన్యాయముతో మొదలై, ఒక కుక్కకు జరిగిన న్యాయముతో ముగియుచున్నది.

ఈ న్యాయము మన యిండ్లలో ఎట్లు నడుచుచున్నదో చూచుకొనవలయును. ముద్దుగా నున్నదని పిల్లను తెత్తుము. పెరిగి పెద్దదైనపుడు, జబ్బుపడినపుడు, ఊరు మారునపుడు వీధిలో విడుతుము. ఇంటి తిండికి అలవడిన కుక్క వీధిలో బ్రతుకనేరక ఆకలితోను, భయముతోను తిరుగును. కుక్కను తెచ్చుట పది పండ్రెండేండ్ల బాధ్యతను తలకెత్తుకొనుట. ఇంటిల్లిపాదియు ముందుగా ఆలోచించి యొప్పుకొనినగాని తేరాదు.

ప్రేమతోబాటు జాగ్రత్తయు అవసరము. మనుష్యులకు సోకు రేబిస్ వ్యాధిలో నూటికి 99 పాళ్లు కుక్కల వలననే వచ్చుచున్నది. లక్షణములు కనబడిన పిమ్మట ఆ వ్యాధినుండి బ్రతుకుట మిక్కిలి అరుదు. 1885లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాశ్చరు ఒక బాలునికి తొలిసారి టీకావేసి కాపాడిన నాటినుండి నివారణమార్గము మన చేతిలో నున్నది. పెంపుడుకుక్కకు పశువైద్యుడు చెప్పిన గడువు ప్రకారము టీకా వేయింపవలయును. ఏ కుక్క కరచినను, గాయమును సబ్బుతో ధారగా పారు నీటిలో పావుగంటసేపు కడిగి, వెంటనే వైద్యునియొద్దకు పోవలయును. పసుపు, సున్నము, కారము అద్ది కాలయాపన చేయరాదు. టీకా వేయించుట మన బిడ్డలకును, పొరుగు బిడ్డలకును, ఆ కుక్కకును కూడ రక్ష.

వేళకు నీరు, తగిన ఆహారము, ఎండవానలకు నీడ, రోజున కొంతసేపు గొలుసులేని స్వేచ్ఛ, ముసలితనమున ఓర్పు - కుక్క మననుండి కోరునవి ఇంతకంటె ఎక్కువ లేవు. మనము బయటకు పోయినపుడు అది తలుపువైపు చూచుచు పరుండును. ఆ యెదురుచూపు వ్యర్థము కాకుండ చూచుటయే మనము తీర్పవలసిన ఋణము.