రెండేళ్ళు నిండని రాజుకూ ఒక రూపాయి

ఈసారి మన గోడపత్రికకు పాత నాణేల గురించి రాస్తున్నాను. సంగతి మా ఇంట్లోనే మొదలైంది.

మా బాపు పటాన్‌చెరులో ఒక కంపెనీలో లోడింగ్ పని చేస్తాడు. మొన్న సెలవుల్లో మా అన్న పాలిటెక్నిక్ ఖర్చుకు పైసలు తక్కువ పడ్డాయి. నాయనమ్మ తన మెడలోని రూపాయి బిళ్ళల దండ తీసి, "ఇది అమ్మి పోరగాన్ని చదివియ్యిండ్రి" అన్నది. తండాల్లో ముసలివాళ్ళ మెడలో మీరు చూసే ఉంటారు. మొత్తం పదిహేను బిళ్ళలు. సంగారెడ్డిలో వెండి దుకాణాయన కాటా మీద వేసి, కరిగిస్తే ఎంత వస్తదో లెక్క చెప్పాడు. పద్నాలుగు బిళ్ళల మీద విక్టోరియా రాణి, జార్జి రాజు బొమ్మలున్నాయి. ఒకటి మాత్రం వంకరటింకరగా, మందంగా ఉంది. దాని మీద బొమ్మ లేదు, అన్నీ ఉర్దూ రాతలే. దాన్ని కరిగించడానికి నాకు మనసొప్పలేదు. "ఇది సారుకు చూపిస్త బాపూ" అని బతిమాలి తెచ్చాను.

మన సోషల్ సారు దాని మీద పల్చని కాగితం పెట్టి పెన్సిల్‌తో మెల్లగా రుద్దారు. అక్షరాలు పైకి లేచాయి! (మీరూ చేసి చూడండి, నాణేనికి ఏమీ కాదు.) అందులో ఉర్దూ అంకెల్లో 92 అని ఉంది. నేను సంవత్సరం అనుకున్నాను. కాదట. అరబ్బీలో ప్రతి అక్షరానికీ ఒక విలువ ఉంటుంది. 'ముహమ్మద్' పేరులో మీమ్ 40, హే 8, మీమ్ 40, దాల్ 4. కూడితే 92. 1857 దాకా నిజాములు ఢిల్లీ మొగల్ పాదుషా పేరుతోనే రూపాయలు కొట్టించేవారు. ఆ తిరుగుబాటు ఓడిపోయి, 1858లో ఇంగ్లీషువాళ్ళు బహదూర్‌షా జఫర్‌ను రంగూన్ పంపించాక ఆయన పేరు తీసేశారు. ఆ జాగలో 92, ఆసఫ్ జా బిరుదు వచ్చాయి. అంటే ఓడినవాడి పేరు తీసేసినంక కొట్టిన రూపాయి మాది.

"మరి తిరగబడ్డవాళ్ళు సొంతంగా కొట్టియ్యలేదా సార్?" అని అడిగాను.

కొట్టించారట, మన హైదరాబాదులోనే! 1707లో ఔరంగజేబు చనిపోయాక ఆయన చిన్న కొడుకు కాంబక్ష్ బీజాపూర్‌లో తానే పాదుషానన్నాడు. 1708లో హైదరాబాదు కూడా పట్టుకున్నాడు. ఆ రోజుల్లో రాజునని చెప్పుకోవడానికి రెండు గుర్తులు. శుక్రవారం మసీదులో తన పేరు చదివించడం, టంకశాలలో తన పేరు కొట్టించడం. పేపర్లు, రేడియోలు లేవు కదా, రూపాయి చేతులు మారితే కబురు ఊరూరికీ పోయేది. దక్కనులో సూర్యుడి మీదా చంద్రుడి మీదా తన ముద్ర వేశానని కాంబక్ష్ పారసీలో రాయించాడు. సూర్యుడంటే బంగారు మొహరు, చంద్రుడంటే వెండి రూపాయి. ఎంత గొప్పలో చూడండి! 1709 జనవరిలో అన్న బహదూర్‌షా సైన్యం హైదరాబాదు దగ్గర అతన్ని ఓడించింది. గాయాలతో చనిపోయాడు. రెండేళ్ళు నిండలేదు, అందుకే ఆ నాణేలు అరుదు. వాటి మీద హిజ్రీ 1119, 1120 అంకెలుంటాయి. చరిత్ర పుస్తకంలో అన్న పాదుషా, తమ్ముడు తిరుగుబాటుదారు. నాణేల మీద మాత్రం ఇద్దరూ పాదుషాలే.

నాకు ఒక్కటే బాధ అనిపించింది. 1857లో హైదరాబాదు రెసిడెన్సీ మీదికి పోయిన తుర్రేబాజ్ ఖాన్‌కు నాణెం లేదు. 1940లో జోడేఘాట్‌లో ప్రాణమిచ్చిన కొమురం భీమ్‌కూ లేదు. టంకశాల చేతికి చిక్కినవాడి పేరే నాణెం ఎక్కుతుంది. అడవిలో ఉండి కొట్లాడినవాళ్ళకు టంకశాల ఎక్కడిది? గోండు రాజుల్లో సంగ్రామ్ షా 16వ శతాబ్దంలో తన పేరుతో నాణేలు వేయించాడని తెలిసి కొంచెం సంతోషమైంది.

మీ ఇళ్ళల్లో ఇలాంటి బిళ్ళలుంటే చింతపండుతోనో బూడిదతోనో తోమకండి, అక్షరాలు అరిగిపోతాయి. కొత్తగా కొండి అతికించకండి. ఎవరి దగ్గరి నుంచి వచ్చిందో చీటీ రాసి పెట్టండి. చేనులో దున్నుతుంటే దొరికితే మాత్రం దాచుకోవద్దు. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం, పది రూపాయల కన్నా ఎక్కువ విలువైన నిధి దొరికితే కలెక్టరుకు చెప్పాలి. శాతవాహనుల నాణేలు చూడాలంటే సంగారెడ్డి దగ్గరి కొండాపూర్ మ్యూజియంకు పోవచ్చు.

అన్న ఫీజుకు పద్నాలుగు బిళ్ళలు పోయాయి. ఆ ఒక్కటి నాయనమ్మ మెడలో నల్లదారానికి ఉంది. ఎవరన్నా అదేందని అడిగితే, "తొంబై రెండు" అంటుంది.

— 10వ తరగతి విద్యార్థి