కొట్టంలోని కంప్యూటర్లకు మళ్లీ ప్రాణం

పాత కంప్యూటర్ చెడిపోకపోయినా పనికిరాకుండా పోవచ్చు. కెనడాలో తయారైన నాబు కంప్యూటరే ఇందుకు ఉదాహరణ.

1983లో ఒటావాలో మొదలైన నాబు సేవ కేబుల్ టీవీ తీగ ద్వారా ప్రోగ్రాములను ఇళ్లకు పంపేది. కేంద్రం నుంచి ప్రోగ్రాములన్నీ ఒక వరుసలో మళ్లీ మళ్లీ ప్రసారమయ్యేవి. కోరిన ప్రోగ్రాము వంతు రాగానే ఇంట్లోని అడాప్టర్ దాన్ని అందుకుని కంప్యూటర్‌కు ఇచ్చేది. యంత్రంలో శాశ్వతంగా ఉన్నది ఆ ప్రోగ్రామును లోపలికి తెచ్చుకునే చిన్న సూచనల వరుస మాత్రమే. 1986లో ప్రసారం ఆగిపోవడంతో యంత్రాలు మూగబోయాయి.

అమెరికాలోని మసాచుసెట్స్‌లో ఒక కొట్టంలో దశాబ్దాలపాటు పడి ఉన్న సుమారు 2,200 నాబు కంప్యూటర్లు 2022లో ఆన్‌లైన్ వేలం సైటు ఈబేలో అమ్మకానికి వచ్చాయి. అవి ఒక్కసారిగా ఎందరో ఔత్సాహికుల చేతికి చేరాయి. వారు అడాప్టర్‌కూ కంప్యూటర్‌కూ మధ్య సంకేతాలు నడిచే తీరును విశ్లేషించి, అడాప్టర్‌లా ప్రవర్తించే సాఫ్ట్‌వేర్ రాశారు. ఇప్పుడు మామూలు ల్యాప్‌టాప్ కూడా ఆనాటి కేబుల్ కేంద్రం పని చేయగలదు.

పాత ప్రోగ్రాముల ప్రతులు కొన్ని మిగిలి ఉండబట్టే ఈ శ్రమ ఫలించింది. కంప్యూటర్‌ను కాపాడాలంటే పెట్టెతోపాటు దాని ప్రోగ్రాములను, సంకేత నియమాలను కూడా భద్రపరచాలి.