సగంలో ఆగిపోయిన పుస్తకం.. తర్వాతిది ఎక్కడ దొరుకుతుంది?

రంజాన్‌కు ముందు మొదలుపెట్టిన నవల. బక్రీద్ కూడా దాటిపోయింది, అది మాత్రం ఇంకా 110వ పేజీ దగ్గరే ఉంది. గుర్తు కోసం మధ్యలో పెట్టిన కరెంటు బిల్లు కట్టేసి కూడా రెండు నెలలైంది. ఎవరైనా తీసి అల్మారాలో సర్దబోతే 'ఉండనీ, చదువుతున్నా' అంటారు. నిజానికి చదవట్లేదు. ఇషా అయ్యాక చేతిలోకి వచ్చేది ఫోనే.

దీన్నే ఇంగ్లిషులో రీడింగ్ స్లంప్ అంటారు. తెలుగులో ప్రత్యేకంగా పేరు లేదు గానీ, చదివే అలవాటున్న ఇళ్లలో ఇది తెలియనివాళ్లు ఉండరు. (ఖురాన్ తిలావత్ సంగతి వేరు. ఇక్కడ చెబుతున్నది కథలు, నవలలు, మామూలు పుస్తకాల గురించి.)

చాలామంది తప్పు ఫోన్ మీద వేస్తారు. ఫోన్ పాత్ర లేదని కాదు. కానీ అదే మనిషి వాట్సాప్‌లో వచ్చిన పొడవాటి కథను ఆపకుండా చివరిదాకా చదువుతారు. అంటే చదవాలన్న ఇష్టం పోలేదు. ఈ పుస్తకం ఈ సమయానికి కుదరలేదు, అంతే. అసలు ఇబ్బంది ఏంటంటే, దాన్ని పూర్తి చేయకుండా ఇంకోటి ముట్టుకోకూడదని మనకు మనమే పెట్టుకున్న నియమం. కుదరని ఒక్క పుస్తకం దారికి అడ్డంగా కూర్చుంటుంది. దాని వెనక చదవాల్సినవన్నీ ఆగిపోతాయి.

కామర్స్ చదివినవాళ్లకు సంక్ కాస్ట్ అన్న మాట తెలిసే ఉంటుంది. ఇప్పటికే ఖర్చయిపోయి, ఏం చేసినా తిరిగిరాని డబ్బు. ముందు ఏం చేయాలో నిర్ణయించేటప్పుడు దాన్ని లెక్కలోకి తీసుకోకూడదని పాఠం. కానీ మనుషులు అలా ఉండరు. అమెరికాలో ఆర్క్స్, బ్లూమర్ అనే ఇద్దరు పరిశోధకులు 1985లో ప్రచురించిన పరిశోధనలో ఒక నాటకశాల సీజన్ టికెట్ల సంగతి ఉంది. కొందరికి పూర్తి ధరకు, కొందరికి తగ్గింపు ధరకు టికెట్లు అమ్మారు. సీజన్ మొదటి సగంలో పూర్తి ధర కట్టినవాళ్లే ఎక్కువ నాటకాలకు వెళ్లారు. నాటకాలు అందరికీ అవే. పెట్టిన డబ్బు 'వసూలు' చేసుకోవాలన్న తపనే తేడా. 350 రూపాయలు పెట్టి కొన్న నవల మీదా అదే తపన పనిచేస్తుంది. డబ్బు ఎలాగూ పోయింది. దాని వెనకే ఆరు నెలల చదువు కూడా పోతోంది.

మరి ఎక్కడ వదిలేయాలి? అమెరికాలోని సియాటిల్‌లో లైబ్రేరియన్‌గా పనిచేసిన నాన్సీ పెర్ల్ దీనికి ఒక లెక్క చెప్పారు. ఏ పుస్తకానికైనా 50 పేజీలు అవకాశం ఇవ్వండి, అప్పటికీ మనసు పట్టకపోతే మూసేయండి. వయసు 50 దాటినవాళ్లు 100లోంచి తమ వయసు తీసేయాలి. 62 ఏళ్ల అబ్బాజాన్ 38 పేజీలు చదివితే చాలు. వయసు పెరిగేకొద్దీ సమయం విలువ పెరుగుతుంది కదా, లెక్క న్యాయంగానే ఉంది. ఫ్రెంచ్ రచయిత డేనియల్ పెనాక్ అయితే 1992లో రాసిన పుస్తకంలో పాఠకుడి హక్కులని పది చెప్పారు. పేజీలు దాటేయడం, పుస్తకం పూర్తి చేయకపోవడం కూడా ఆ పదిలో ఉన్నాయి.

వదిలేయడం సులువే. తర్వాతది వెతకడమే కష్టం. 'తప్పక చదవాల్సిన వంద పుస్తకాలు' లాంటి జాబితాలు ఈ సమయంలో పెద్దగా పనిచేయవు, పైగా భయపెడతాయి. దానికంటే చివరిసారి రెండు రోజుల్లో పూర్తి చేసిన పుస్తకం ఏదో గుర్తు తెచ్చుకోవడం మంచిది. అందులో మిమ్మల్ని పట్టుకున్నది ఏంటి? కథా, మనుషులా, ఊరా, భాషా? పుస్తకంలోకి వెళ్లడానికి ఈ నాలుగూ నాలుగు గుమ్మాలని నాన్సీ పెర్ల్ అంటారు. మీరు ఏ గుమ్మంలోంచి లోపలికి వెళ్లారో తెలిస్తే, అదే గుమ్మం ఉన్న ఇంకో పుస్తకాన్ని వెతకొచ్చు.

మహమ్మద్ ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' తీసుకోండి. నెల్లూరు వైపు ఒక ముస్లిం కుటుంబంలో పిల్లాడి చిన్నతనం. ఇద్దరు చదివి ఇద్దరూ బాగుందన్నా, ఇద్దరికీ నచ్చింది ఒకటే కాకపోవచ్చు. ఒకరికి ఇంట్లో మాట్లాడే మాట అచ్చులో కనిపించడం నచ్చుతుంది. వాళ్లు తర్వాత వెంపల్లె షరీఫ్ 'జుమ్మా' పట్టుకోవాలి. కడప జిల్లా ఇళ్లూ, అక్కడి మాటా ఉన్న ఈ కథల పుస్తకానికి 2012లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. అక్కడి నుంచి స్కైబాబ 'అధూరే'కి వెళ్తే నల్గొండ వైపు తెలుగు, ఉర్దూ కలిసిన మాట వినిపిస్తుంది. ఇంకొకరికి భాషకంటే చిన్న ఊరి బాల్యం, అల్లరి నచ్చి ఉండొచ్చు. వాళ్ల దారి నామిని 'సినబ్బ కథలు' వైపు. అది చిత్తూరు పల్లె, ఇల్లు వేరు, మతం వేరు, కానీ అమ్మ తిట్లు అవే.

మూడో రకం వాళ్లకు జనంతో కిక్కిరిసిన ఇల్లంటే ఇష్టం. వాళ్లు మలయాళ రచయిత వైకం మహమ్మద్ బషీర్‌ను వెతకాలి. 1959లో వచ్చిన 'పాత్తుమ్మాయుడె ఆడు' అంటే పాత్తుమ్మ మేక. రచయిత సొంతింటికి వస్తే అక్కడ అమ్మ, తమ్ముళ్లు, చెల్లెళ్లు, పిల్లలు, కోళ్లు. చెల్లెలి మేక ఆయన రాసిన పుస్తకాలనే నమిలేస్తుంది! ఇంగ్లిషు మీడియం పిల్లలున్న ఇంట్లో ఆర్.ఇ. ఆషర్ చేసిన ఇంగ్లిషు అనువాదం పనికొస్తుంది.

నిండు నవల చదివే ఓపికే లేదనుకునేవాళ్లకు సంకలనాలు మంచి మందు. దావత్‌లో తెలివైనవాళ్లు ముందు అన్నీ కొద్దికొద్దిగా వడ్డించుకుని, నచ్చినదాని కోసం మళ్లీ వెళ్తారు. సంకలనం కూడా అంతే. స్కైబాబ సంపాదకత్వంలో 2004లో వచ్చిన 'వతన్' ముస్లిం కథల సంకలనం. 1998 నాటి 'జల్జలా' కవిత్వానికి అలాంటిది. ఒక్కో కథ ఒక్కో రాత్రి చదివి, నచ్చిన రచయితల పేర్లు ఫోన్‌లో రాసుకుంటే మీ తర్వాతి పుస్తకాల జాబితా మీరే తయారుచేసుకున్నట్టు. పేర్లు దొరికాక శ్రీకాకుళంలోని కథానిలయం వెబ్‌సైట్ చూడండి. కాళీపట్నం రామారావు 1997లో పెట్టిన ఈ కథల గ్రంథాలయం వేల తెలుగు కథలను స్కాన్ చేసి ఉచితంగా అందుబాటులో పెట్టింది.

కథలు కాదు, ఒకే కథ కావాలి, కానీ బరువుగా ఉండకూడదు అంటే 'ఏడు తరాలు'. అలెక్స్ హేలీ 1976లో రాసిన 'రూట్స్' చాలా పెద్దది. సహవాసి దాన్ని తెలుగులో కుదించి రాస్తే హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది. గాంబియాలోని జుఫూరే అనే ఊరి నుంచి 1767లో ఎత్తుకుపోయిన కుంటా కింటే ముస్లిం కుర్రాడని, చిన్నప్పుడు ఊరి బడిలో ఖురాన్ చదువుకున్నాడని మన పాఠకుల్లో చాలామందికి పుస్తకం తెరిచాకే తెలుస్తుంది.

ఇక ఖర్చు. ఆస్తి పన్ను కట్టే ప్రతి ఇల్లూ లైబ్రరీకి ఇప్పటికే డబ్బు కడుతోంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. రసీదు తీసి చూడండి, విడిగా రాసి ఉంటుంది. కట్టి కూడా వాడుకోనివాళ్లమే ఎక్కువ. శాఖా గ్రంథాలయాల్లో పేపర్లు చదివే మగవాళ్లే కనిపిస్తారని ఇంట్లో ఆడవాళ్లు వెనకాడతారు, అది నిజమే. సభ్యత్వం తీసుకుంటే అక్కడ కూర్చోవాల్సిన పని లేదు, పుస్తకం ఇంటికే తెచ్చుకోవచ్చు. అల్మారాల్లో ఏం వెతకాలో తోచకపోతే, ఇంకా సర్దకుండా బల్ల మీద ఉన్న, పాఠకులు తిరిగి ఇచ్చిన పుస్తకాలు చూడండి. మీ ఊళ్లో జనం నిజంగా చదువుతున్నవి అవే. హైదరాబాద్‌లో ఉంటే అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీకి ఒకసారి పిల్లలతో వెళ్లాలి. 1891లో కుతుబ్‌ఖానా అసఫియాగా మొదలైంది, తెలుగుతోపాటు ఉర్దూ, ఫార్సీ, అరబీ పుస్తకాలూ ఉన్నాయి. కొనేవాళ్లకు ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ ఉండనే ఉంది. తక్కువకు కొన్న పాత పుస్తకాన్ని 50వ పేజీ దగ్గర వదిలేయడానికి మనసు పెద్దగా నొప్పించదు. విజయవాడ వాళ్లు జనవరి పుస్తక మహోత్సవం దాకా ఆగొచ్చు.

ఇన్ని చెప్పుకున్నా, చాలా ఇళ్లలో అసలు పుస్తకాలు పెట్టెలోనే ఉన్నాయి. దాదాజాన్ ఉర్దూ పుస్తకాలు. ఇబ్నె సఫీ జాసూసీ నవలలు, ముజ్తబా హుస్సేన్ హాస్యం, జీలానీ బానో 'ఐవాన్-ఎ-గజల్'. మనవలు ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు, బడిలో తెలుగు, ఇంగ్లిషు చదువుతారు. ఉర్దూ అక్షరం రాదు. పెద్దాయనకు కళ్లు సహకరించవు, చిన్న అక్షరాలు కనపడక ఆయనా చదవడం మానేశారు. ఒకే ఇంట్లో ఇద్దరి చదువూ ఆగిపోయింది, కారణాలే వేరు. రేపు ఆ పెట్టె పాత కాగితాలవాడికి పోతే, ఏం పోయిందో కూడా ఇంట్లో ఎవరికీ తెలియదు.

కానీ వినడానికి లిపి అక్కర్లేదు. 1952లో మొదలైన జాసూసీ దునియా నవలలు నాలుగింటిని షంసుర్ రహ్మాన్ ఫారూఖీ ఇంగ్లిషులోకి తెచ్చారు, 2011లో చెన్నైకి చెందిన బ్లాఫ్ట్ సంస్థ వేసింది. మనవడు ఇంగ్లిషులో, దాదా ఉర్దూలో ఒకే కల్నల్ ఫరీదీని చదవొచ్చు. ఆ ఖర్చు కూడా వద్దనుకుంటే ఇంకో దారి ఉంది. పెట్టెలో అన్నిటికంటే సన్న పుస్తకం తీసి, పేజీలు ఫోన్‌తో ఫొటో తీసి అక్షరాలు పెద్దవి చేసి పెద్దాయన చేతిలో పెట్టండి. రాత్రి భోజనాలయ్యాక పది పేజీలు బయటికి చదవమనండి. ఎక్కడ ఆపాలో ఆయనకు బాగా తెలుసు. పిల్లలు 'ఫిర్ క్యా హువా?' అని అడిగే చోటే ఆపుతారు.