సంతకం మనది, సమాధానమూ మనదే

సింగరేణి క్వార్టరు ఉన్నన్నాళ్ళూ సొంతింటి ధ్యాస ఉండదు. రిటైరైన రోజున గుర్తొస్తుంది. మా రామకృష్ణాపూర్‌లో పక్కింటి వదిన కథా అదే. అన్నయ్యకు మోకాళ్ళ నొప్పులు. ఇంటి ప్లాను అనుమతికి కాగితాల సంచీ వదినే భుజాన వేసుకుంది. మొదటిసారి పన్ను రసీదు లేదన్నారు. అది తెస్తే ప్లానులో రోడ్డు వెడల్పు రాయలేదన్నారు. మూడోసారి సారు లీవు! (ఆఫీసు పేరెందుకు లెండి.) "అన్నీ ఒక్కసారే చెబితే వీళ్ళ సొమ్మేం పోయింది?" అని వదిన విసుక్కునేది.

ఇది టీఎస్ బీపాస్ రాకముందు మాట. 2020లో వచ్చిన ఆ చట్టం ప్రకారం 75 గజాల లోపు స్థలంలో చిన్న ఇంటికి అనుమతి అక్కర్లేదు, రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో పది మీటర్ల ఎత్తు మించని ఇంటికి సొంత ధ్రువీకరణతో వెంటనే అనుమతి. పెద్దవాటిని 21 రోజుల్లో తేల్చాలి. లేదంటే ఇచ్చినట్టే లెక్క.

బాగుంది కదూ? కానీ ఆ ధ్రువీకరణలో తప్పుంటే నోటీసు లేకుండానే కూల్చేయొచ్చు. మన బొగ్గు బెల్టులో ఎన్నో ఇళ్ళు సింగరేణి స్థలంలో లేచినవే. వాటి క్రమబద్ధీకరణకు 2019లో 76వ నంబరు జీవో వచ్చింది. పట్టా చేతికి రాకుండా "స్థలం నాదే" అని సంతకం పెడితే ఎలా? ఏ స్థలానికి ఏ కాగితాలు కావాలో తెలుగులో రాసి ఆఫీసు గోడకు అంటిస్తే సగం తిప్పలు తప్పుతాయి.

మొన్న వదిన కూతురు ఇంటర్నెట్ సెంటర్లో దరఖాస్తు పెట్టింది. వదిన పక్కనే కూర్చుని, "నాయనా, ప్రతి లైనూ పైకి చదువు, తర్వాతే నొక్కు" అందట.