నవ్వుల నేస్తం ‘అంజి’

పామర్రు: కళారంగానికి నటులను అందించడం కృష్ణా డెల్టాకు కొత్త కాదు. పామర్రు మండలం నిమ్మకూరు నుంచి ఎన్టీ రామారావు కథానాయకుడిగా ఎదిగితే, విజయవాడ నుంచి గుండు హనుమంతరావు హాస్యనటుడిగా వెలుగొందారు. 1956లో జన్మించిన ఆయనకు నాటకరంగమే తొలి బడి. జంధ్యాల దర్శకత్వంలో 1987లో విడుదలైన ‘అహ నా పెళ్ళంట’ ఆయనకు వెండితెరపై గుర్తింపు తెచ్చింది. ‘రాజేంద్రుడు గజేంద్రుడు’, ‘యమలీల’ సహా సుమారు 400 చిత్రాల్లో నటించారు.

అయితే సినిమాల్లో హాస్యనటుడికి దక్కేది తరచూ రెండు మూడు సన్నివేశాలే. వచ్చీరాగానే నవ్వించి, కథ మలుపు తిరగగానే తప్పుకోవాలి. ఈ లోటును బుల్లితెర తీర్చింది. జెమినీ టీవీలో 2001 నుంచి 2007 వరకు ప్రసారమైన ‘అమృతం’ ధారావాహికలో ఆయన ఆంజనేయులుగా నటించారు. మిత్రుడు అమృతరావుతో కలిసి హోటల్ నడుపుతూ, అతని తొందరపాటుకు అడ్డుపడబోయి తానూ చిక్కుల్లో పడే పాత్ర అది. అమృతరావు పాత్రధారులు మారినా, అంజి మాత్రం ఆయనే. వారం వారం పలకరించిన ఆ పాత్ర ప్రేక్షకులకు ఇంటి మనిషే అయింది.

నటించిన రోజులకే పారితోషికం అందుకునే చిన్న పాత్రధారులకు అనారోగ్యం వస్తే ఆదాయమూ ఆగిపోతుంది. మూత్రపిండాల వ్యాధి సోకినప్పుడు హనుమంతరావుకూ ఇదే పరిస్థితి ఎదురైంది. చిరంజీవి తదితరులు చేయూతనిచ్చినా కోలుకోలేక 2018 ఫిబ్రవరి 19న హైదరాబాద్‌లో కన్నుమూశారు. ఆయన పంచిన నవ్వులు నేటికీ అంతర్జాలంలో సజీవంగానే ఉన్నాయి. అవి పంచినవారికి చివరి రోజుల్లో భరోసా ఏదన్న ప్రశ్న మాత్రం మిగిలే ఉంది.